డిప్యూటీ అంటే చిన్నవాడా? సిరోంచ సీమలో ఒక అధికారి పేరు కథ

కలెక్టరు అనే మాట ఎరుగని తెలుగు ఇల్లు లేదు. పిల్లవాడు నాలుగు లెక్కలు చురుకుగా చేస్తే చాలు, “వీడు కలెక్టరవుతాడు” అని దీవించడం మన పెద్దలకు అలవాటు. “వీడు డిప్యూటీ కమిషనరవుతాడు” అని దీవించిన తాతను మాత్రం మేము ఇంతవరకు చూడలేదు. అయినా గోదావరికి ఉత్తరాన, ప్రాణహితకు తూర్పున, నేడు మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాగా ఉన్న సిరోంచ, అహేరి, కమలాపూర్ ప్రాంతాలలో ఇంచుమించు నూరేండ్లపాటు జిల్లాకు పెద్ద దిక్కు డిప్యూటీ కమిషనరే గాని కలెక్టరు కాడు.

ఈ సంగతి పండుగపూట ఎందుకని చదువరులు అడుగవచ్చును. కారణమున్నది. ఊరు విడిచి వచ్చిన మన కుటుంబాలలో ఒకరి పూర్వులు కరీంనగరు వారు, ఒకరివి గోదావరి జిల్లాలు, మరొకరిది చాందా సీమ. ఒకే భాష మాట్లాడే ఈ ముగ్గురి ఇండ్లలోని పాత కాగితాలు ముందు వేసుకొని చూస్తే, ఒక్కొక్కదానిలో జిల్లా అధికారికి ఒక్కొక్క పేరు కనిపిస్తుంది. ఒకదానిలో తాలూకుదారు, ఒకదానిలో కలెక్టరు, ఒకదానిలో డిప్యూటీ కమిషనరు. ఈ కాలపు పిల్లలు వాటిని చదివి, తాలూకుదారు అంటే భూస్వామి కాబోలుననీ, డిప్యూటీ కమిషనరు అంటే ఎవరో చిన్న గుమాస్తా దొర కాబోలుననీ అనుకొంటున్నారు. ముత్తాత తన పొలం తగవు పట్టుకొని కాలినడకన పోయి జిల్లా ప్రభువు ఎదుట నిలబడి వచ్చినాడన్న మాట, మనుమల నోట “ఎవరో అసిస్టెంటును కలిసినాడట” అని మారిపోవడం మాకు కష్టంగా తోచినది.

మొదట కమిషనరు అనే మాట సంగతి చూద్దాము. మన బజారులో కమీషను అంటే దలాలీ. మిర్చి యార్డులో, పత్తి బజారులో కమీషను ఏజెంటును ఎరుగని రైతు లేడు. ఆ లెక్కన కమిషనరు అంటే కమీషను పుచ్చుకొనేవాడని ఎవరైనా హాస్యమాడితే వ్యాకరణరీత్యా తప్పు పట్టలేము! కాని రెండు మాటలకూ మూలము ఒక్కటే. లాటిను భాషలో “అప్పగించుట” అనే అర్థమున్న ధాతువునుండి ఇది పుట్టినది. ఒక పనిని ఒకనికి అప్పగించి ఇచ్చే అధికారపత్రము కమిషను. అది చేతబట్టుకొని వచ్చినవాడు కమిషనరు. ఏ పని అప్పగించినారన్నది ఆ మాటలో లేదు. అందువలననే అది ఏ పాత్రలో పోస్తే ఆ ఆకారము పొందే నీరువంటిది. సైన్యములో అధికారి పొందేది కమిషను. సివిలు దావాలో పొలం గట్లు కొలిచి రమ్మని కోర్టు పంపే వకీలు కూడా కమిషనరే. కామన్వెల్తు దేశాలు తమలో తాము పంపుకొనే రాయబారి హైకమిషనరు. 19వ శతాబ్దిలో పురపాలక సంఘములో సభ్యునిగా కూర్చున్న పెద్దమనిషిని మునిసిపల్ కమిషనరు అనేవారు. నేడు అదే పేరు ఆ సభ్యుల తీర్మానాలను అమలుపరచే ఉద్యోగిది. బల్లకు ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పేరు జరిగిపోయినదన్నమాట.

ఈ మాట ఎంత ఎత్తుకు పోగలదో తెలియాలంటే మైసూరు చూడాలి. అక్కడి రాజ్యాన్ని కుంపిణీవారు 1831లో తమ చేతిలోకి తీసుకొన్న తరువాత, 1834 నుండి 1861 వరకు మార్కు కబ్బను దొర కమిషనరు అనే పేరుతోనే దేశమంతా ఏలినాడు. మన వైపున కూడా ఒక కమిషనరు ఉండినాడు. 1832-33 నాటి డొక్కల కరవు తరువాత గుంటూరు సీమ చితికిపోయి, శిస్తు వ్యవహారము చెడిపోగా, విచారణకు వచ్చిన వాల్టరు ఇలియట్ దొర 1845 నుండి 1854 వరకు ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేసినాడు. అమరావతి స్తూపపు శిల్పాలను త్రవ్వించి మద్రాసు చేర్చినది ఈయనే. అక్కడ కలెక్టర్లందరూ ఈ కమిషనరు క్రిందివారు. ఆ పదవి కాస్తా పోయిన తరువాత మద్రాసు రాజధానిలో కలెక్టరుకూ రెవెన్యూ బోర్డుకూ నడుమ మరొక మెట్టు లేదు. కోస్తావారు, రాయలసీమవారు డివిజను కమిషనరును ఎరుగకపోవడానికి కారణము ఇదే.

ఇక కలెక్టరు. ఈ పేరులో దాపరికము లేదు: వసూలు చేసేవాడు. బెంగాలులో 1769లో పరిశీలకులుగా నియమించిన దొరలకే 1772లో వారన్ హేస్టింగ్సు కాలాన ఈ పేరు పెట్టినారు. మన ఉత్తర సర్కారులలో మచిలీపట్నం, విశాఖపట్నం మొదలైన చోట్ల చీఫులు, వారి కౌన్సిళ్ళు వర్తకమూ పాలనా కలగలిపి నడిపి, రెంటినీ పాడుచేసిన తరువాత 1794లో వాటిని తీసివేసి కలెక్టర్లను వేసినారు. దత్తమండలాలలో 1800 నుండి 1807 వరకు ఉన్న థామస్ మన్రో పేరు ప్రిన్సిపల్ కలెక్టరు. వసూలు చేసే చేతికే నేరవిచారణ అధికారము కూడా తగిలించినారు గనుక కలెక్టరు మాటకు బరువు వచ్చినది. బరువు వచ్చినది ఆ పదవికే సుమా, మాటకు కాదు. రైలులో టిక్కెట్లు అడిగేవాడూ కలెక్టరే, పంచాయితీలో ఇంటిపన్ను రసీదు వ్రాసే బిల్లు కలెక్టరూ కలెక్టరే.

మరి చాందా, సిరోంచ సీమలకు కలెక్టరు ఎందుకు రాలేదు? 1853లో నాగపూరు భోంసలే రాజు మూడవ రఘోజీ సంతానము లేక చనిపోగా డల్హౌసీ ఆ రాజ్యాన్ని కలుపుకొన్నాడు. చాందా దానిలోనిదే. అప్పటికి కుంపిణీవారికి రెండు రకాల రాజ్యాలున్నవి. పాత రాజధానులలో రెగ్యులేషన్లు అనే శాసనాల ప్రకారము పాలన సాగేది. క్రొత్తగా చేరిన పంజాబువంటి చోట్ల ఆ శాసనాల చిక్కు లేకుండా, అవసరమైతే సైనికోద్యోగులతోనే, పని త్వరగా జరిగే పద్ధతి పెట్టినారు. వీటిని నాన్ రెగ్యులేషను ప్రాంతాలన్నారు. అక్కడ పైన చీఫ్ కమిషనరు, అతని క్రింద కొన్ని జిల్లాలకు ఒక కమిషనరు, ఒక్కొక్క జిల్లాకు డిప్యూటీ కమిషనరు. 1861లో ఏర్పడిన మధ్యపరగణాలకు ఈ నిచ్చెనే వేసినారు. ఈ డిప్యూటీ కమిషనరు శిస్తు వసూలు చేసేవాడు, దొంగను శిక్షించేవాడు, తొలిరోజులలో సివిలు దావా కూడా తీర్చేవాడు. కలెక్టరుకున్న అధికారాలన్నీ ఉన్నవి, పైగా మరికొన్ని.

పేరులో తేడా ఎక్కడ వచ్చినదో ఇప్పుడు తెలుస్తుంది. కలెక్టరు అన్నది చేసే పనినిబట్టి వచ్చిన పేరు. డిప్యూటీ కమిషనరు అన్నది పైన ఎవడున్నాడో దానినిబట్టి వచ్చిన పేరు. క్రింద నిలిచిన రైతుకు అతడు కొండ. నాగపూరులో కూర్చున్న కమిషనరుకు మాత్రమే డిప్యూటీ.

చిక్కంతా ఈ డిప్యూటీ అనే ముందుమాటతోనే ఉన్నది. మద్రాసు వైపున డిప్టీ కలెక్టరు అంటే కలెక్టరుకు లోబడిన ఉద్యోగి. 19వ శతాబ్దిలో మనవారికి రెవెన్యూశాఖలో అందిన పెద్ద మెట్టు సాధారణంగా అదే గనుక, “మా తాత డిప్టీ కలెక్టరు” అని చెప్పుకోవడం ఘనతే. ఆ డిప్టీ కలెక్టరుకు సాటివాడు మధ్యపరగణాలలో ఎవడయ్యా అంటే, ఎక్‌స్ట్రా అసిస్టెంటు కమిషనరు. ఎక్‌స్ట్రా అంటే అదనము, అసిస్టెంటు అంటే సహాయకుడు. రెండూ కలిపి చూస్తే ఉన్నా లేకపోయినా ఒకటే అన్నట్లు వినబడుతుంది. నిజానికి అతడు మేజిస్ట్రేటు అధికారముగల గట్టి ఉద్యోగి. కాబట్టి కాకినాడ డిప్టీ కలెక్టరునూ చాందా డిప్యూటీ కమిషనరునూ ఒకే వరుసలో కూర్చోబెట్టరాదు. చాందా దొరను కాకినాడ కలెక్టరు ప్రక్కన కూర్చోబెట్టాలి.

ఈ తికమక చరిత్ర వ్రాతలలోకి కూడా ప్రాకినది. 1858లో చాందా అడవిలో గోండు జమీందారులు బాబూరావు శేడ్మాకే, అడపల్లి వ్యంకటరావు కుంపిణీమీద తిరుగబడినారు. బాబూరావుది నేటి అహేరి తాలూకాలోని మొలంపల్లి. ఆ ఏప్రిలులో ప్రాణహిత ఒడ్డున చించగుండి దగ్గర ఇద్దరు టెలిగ్రాఫు ఉద్యోగులు హతులైనారు. తిరుగుబాటును అణచడానికి పూనుకొన్న చాందా అధికారి కెప్టెన్ క్రిక్టన్. అహేరి జమీందారిణి లక్ష్మీబాయి తోడ్పాటుతో బాబూరావును పట్టుకొని 1858 అక్టోబరు 21న చాందా జైలులో ఉరితీసినారు. ఈ కథ చెప్పిన వ్రాతలు కొన్నిటిలో క్రిక్టన్ కలెక్టరు, కొన్నిటిలో డిప్యూటీ కమిషనరు. ఇద్దరు అధికారులున్నారని భ్రమపడవద్దు, మనిషి ఒక్కడే. ఉరి ఉత్తర్వు ఏ పేరుతో వచ్చినా ఆ గోండు వీరునికి తేడా ఏమున్నది గాని, చదివే మనకు ఉన్నది.

ఇక సిరోంచ వైభవము. 1860 వరకు గోదావరి ఎడమ ఒడ్డు నిజాము ఏలుబడిలోనిది. ఆ సంవత్సరపు ఒడంబడికతో సిరోంచ, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలు ఇంగ్లీషువారికి దక్కినవి. వారి కన్ను భూమిమీద కాదు, నీటిమీద. నాగపూరు, బీరారు పత్తిని పడవలలో గోదావరి వెంట సముద్రానికి దింపాలని ఆర్థర్ కాటన్ దొర మొదలైనవారి పథకము. నదిలో రాతిబండలు అడ్డుపడే చోట్లు మూడింటిని బారియర్లన్నారు. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండవది ఇచ్చంపల్లి దగ్గర, మూడవది సిరోంచకు ఎగువన ప్రాణహితమీద దేవలమర్రి దగ్గర. ఈ పని నడుమనున్న సిరోంచ ముఖ్యపట్టణంగా అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడినది. దాని డిప్యూటీ కమిషనరు కెప్టెన్ గ్లాస్‌ఫర్డు 1862లో బస్తరు సంస్థానముపై వ్రాసిన నివేదికను చరిత్రకారులు నేటికీ తిరగవేస్తూనే ఉన్నారు. బస్తరు రాజుమీద కన్నువేసి ఉండడం కూడా సిరోంచ దొర పనే మరి.

ఒక్క క్షణము ఆగి ఈ ఏర్పాటు ఎంత పెద్దదో ఊహించండి. 1860 నుండి 1874 వరకు భద్రాచల రాముని సన్నిధికి జిల్లా కచేరి సిరోంచలో ఉండేది! తెలుగు, కోయ, గోండు మాటలు వినబడే ఆ నదీతీరమంతా ఒకే అధికారి క్రిందిది, ఆ అధికారి ఉండేది ఆ నది ఒడ్డుననే. పేరుకు డిప్యూటీ. అతని చేతిక్రింది దేశము కోస్తా కలెక్టర్లలో ఎవరికీ తీసిపోనిది.

అదే కాలాన నదికి ఆవలి ఒడ్డున వేరొక భాష. కాళేశ్వరం, మహదేవపురం, చెన్నూరు నిజాము రాజ్యములోనివి. 1865లో మొదటి సాలారు జంగు జిల్లాబందీ చేసి, జిల్లాకు అవ్వల్ తాలూకుదారును వేసినాడు. అవ్వల్ అంటే మొదటివాడు. అతని క్రింద దోమ్, సోమ్ తాలూకుదారులు, అనగా రెండవ, మూడవవారు. మనకు కమిషనరు ఎట్లో వారికి సుబేదారు అట్లు. అయోధ్య సీమలో తాలూకుదారు అంటే పెద్ద భూస్వామి, హైదరాబాదులో జీతగాడైన జిల్లా అధికారి. పడవ దాటితే చాలు, డిప్యూటీ కమిషనరు తాలూకుదారవుతాడు. కాళేశ్వరం సంగమములో స్నానము చేసి సిరోంచ సంతకు వచ్చే మనిషికి ఇవన్నీ పట్టినవో లేదో గాని, పొలము ఒక ఒడ్డున, చుట్టరికము రెండవ ఒడ్డున ఉన్నవాడికి తప్పక పట్టియుండును.

1871లో పడవల పథకము మూలపడినది. మూడేండ్లకు, 1874లో, జిల్లా కూడా ముగిసినది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు పోయినవి. సిరోంచ ఒక తహసీలుగా మిగిలి చాందా జిల్లాలో కలిసినది. పథకము పోవడమే జిల్లా పోవడానికి ముఖ్య కారణమని మా అభిప్రాయము. పత్తి పడవలు రాని చోట దొరకు బంగళా ఎందుకనుకొని ఉంటారు. భద్రాచలము వారు మద్రాసుకు పోయిన తరువాత అక్కడ మరొక పేరు ఎదురైనది: ఏజెంటు. గంజాము, విశాఖపట్నము కొండప్రాంతాలకు మామూలు చట్టాలు వర్తించకుండా కలెక్టరునే గవర్నరు తరఫు ఏజెంటుగా చేసిన 1839 నాటి పద్ధతి తరువాత గోదావరి మన్యానికీ వచ్చినది. కలెక్టరూ ఏజెంటూ ఒకే మనిషి. మైదానములో ఒక టోపీ, మన్యములో మరొకటి. ఆ ఏజెంటు పదవి అడుగున పడిపోయినా, ఆ పేరు నేలకు అతుక్కొని పోయినది. నేటికీ మనవారు మన్యాన్ని ఏజెన్సీ అంటారు. ఉద్యోగి పేరు అడవికి పేరు కావడం మరెక్కడైనా ఉన్నదో లేదో మేమెరుగము.

సిరోంచవారికి మాత్రము ఏ క్రొత్త పేరూ రాలేదు. డిప్యూటీ కమిషనరు అనే మాట అట్లే ఉన్నది, కాని ఆ మనిషి ఊరిలో లేడు. అతడు అడవులకు, వాగులకు ఆవల చాందాలో. వానకాలములో ఆ దారి ఎంతటిదో ఆ సీమలో తిరిగినవారికి చెప్పనక్కరలేదు. జిల్లా తగ్గి తహసీలైతే బిరుదులలో అంతస్తు తగ్గినదని కాదు మా బాధ. ఊరిలో ఉన్న డిప్యూటీకన్న దూరాన ఉన్న డిప్యూటీ చాలా పెద్దవాడు. పేదవాడు అతనిని చేరలేడు, అతని కచేరిలో తన భాష తెలిసినవాడు దొరుకునో దొరకడో తెలియదు. మాట ఒకటే అయినా 1873లో దాని అర్థము “మన ఊరి దొర”, 1875లో “చాందా దొర”. నిఘంటువు ఈ తేడా చెప్పదు.

కమలాపూరు వంటి అడవి ఊళ్ళ సంగతి మరీ వేరు. ఆ ప్రాంతము పూర్వము అహేరి జమీందారీ. ఊరివారికి మొదట కనిపించే అధికారి రెవెన్యూ దొర కాదు, అడవి దొర. కమలాపూరు నేడు సిరోంచ అటవీ డివిజనులో ఒక రేంజి. అక్కడ అటవీశాఖవారి ఏనుగుల శిబిరము ఉన్నదని మహారాష్ట్రమంతటా పేరు. ఆ రేంజికి అధిపతి రేంజరు. ఇంగ్లండులో రాజుగారి వేట అడవిని కాచేవాడికి పెట్టిన పేరు, కమలాపూరు టేకు చెట్ల నడుమకు వచ్చి చేరినది. రేంజరుకు పైన డివిజను అధిపతి ఎవరంటే, మళ్ళీ డిప్యూటీయే! అటవీశాఖలో డిప్యూటీ కన్సర్వేటరు అంటే డివిజనుకంతా పెద్ద. పైగా నాగపూరు రెవెన్యూ డివిజను అంటే ఆరు జిల్లాలు, దానికి కమిషనరు. సిరోంచ అటవీ డివిజను అంటే ఒక జిల్లాలో ఒక భాగము. మాట అదే, కొలత వేరు. డివిజను ఆఫీసు ఉత్తర్వు అనగానే ఏ డివిజనో అడుగకుండా నాగపూరు బండి ఎక్కరాదు.

తరువాతి మార్పులు త్వరగా చెప్పుదుము. 1956 నవంబరు 1న చాందా జిల్లా మధ్యప్రదేశ్ నుండి బొంబాయి రాష్ట్రానికి, 1960 మే 1న మహారాష్ట్రకు చేరినది. బొంబాయి పద్ధతిలో జిల్లా అధిపతి కలెక్టరు గనుక, డిప్యూటీ కమిషనరు పేరు అక్కడ కనుమరుగై, డివిజను కమిషనరు మాత్రము నిలిచినాడు. దీనికి ఎదురుగా బళ్ళారి కథ చూడండి. మద్రాసు రాష్ట్రములో ఉన్నంతకాలము అక్కడ కలెక్టరు. 1953 అక్టోబరు 1న మైసూరులో కలిసిన తరువాత డిప్యూటీ కమిషనరు. కర్ణాటకలో నేటికీ ఆ పేరే. బళ్ళారిలోని మన తెలుగువారు ఒకనాటి ఉదయము లేచి చూచేసరికి కలెక్టరుకు డిప్యూటీ తగిలినది, అధికారము మాత్రము వీసమెత్తు తగ్గలేదు. సుంకాలశాఖలో ఇంకొక వింత జరిగినది. రేవులలో కస్టమ్సు కలెక్టరుగా ఉన్నవానిని 1995లో కమిషనరు చేసినారు. చాందాలో కమిషనరు మాట పోయి కలెక్టరు వచ్చినది, రేవులో కలెక్టరు పోయి కమిషనరు వచ్చినాడు.

కాబట్టి ఇంటిలో పాత దస్తావేజులున్నవారు మొదట తేదీ చూడాలి, తరువాత ఒడ్డు చూడాలి, ఆ పిమ్మట బిరుదు చదువాలి. 1865 తేదీతో భద్రాచలం తాలూకా కాగితముమీద డిప్యూటీ కమిషనరు అని ఉంటే అది సిరోంచ కచేరి. 1880 నాటిదైతే అక్కడ ఉండవలసినది గోదావరి కలెక్టరు. 1900 నాటి మహదేవపురం కాగితములో తాలూకుదారు ఉంటే ఆయన జిల్లా అధికారే గాని, జమీందారు కాడు. 1920 నాటి సిరోంచ కాగితములో డిప్యూటీ కమిషనరు ఉంటే చాందా జిల్లా పెద్ద. పిల్లలకు ఈ నాలుగు ముక్కలు చెప్పి ఆ కాగితాలను వారి చేతనే చదివించండి.

1982 ఆగస్టు 26న చాందానుండి విడదీసి గడ్చిరోలి జిల్లా ఏర్పరచినారు. జిల్లా క్రొత్తదైనా సిరోంచకు ఆ కచేరి సుమారు 200 కిలోమీటర్ల దూరాననే ఉన్నది. మరాఠీలో జిల్హాధికారి అని బోర్డు ఉంటుంది, అందరూ కలెక్టరనే అంటారు. నదికి ఆవల 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా వచ్చినది, అక్కడా కలెక్టరే. ఇన్నేండ్లకు రెండు ఒడ్డులా ఒకే మాట కుదిరినది. గోదావరిమీద మేడిగడ్డ బారేజి కట్టిన తరువాత నీరు తమ పొలాలలోకి ఎక్కుతున్నదని సిరోంచ రైతులు మొరపెట్టుకొన్నారు. బారేజి తెలంగాణ కట్టినది, మునిగిన చేలు మహారాష్ట్రలోనివి. ఆ రైతు అర్జీమీద “కలెక్టరుగారికి” అని వ్రాసి, ఏ ఒడ్డు కలెక్టరో ఆ తరువాత వ్రాయవలసి వచ్చినది.